మెదడు సంకేతాల పఠనం – ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మెదడు క్రియాశీలతను నమోదు చేసే యంత్రాల గురించి జరిగినంత చర్చ, ఆ నమోదులను చదివే సాఫ్ట్‌వేర్ గురించి జరగలేదు. 1991 నుంచి 2023 వరకు వెలువడిన కొన్ని ముఖ్యమైన ఉపకరణాలను ఆధారంగా తీసుకొని, సోర్స్ కోడ్‌ను బహిరంగంగా ఉంచడం వల్ల మెదడు పఠన ఫలితాల విశ్వసనీయతలో వచ్చిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోడ్ తెరిచి ఉండడం పరిశీలనకు అవసరమైన షరతే గాని, అదే పరిశీలన కాజాలదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మెదడు సంకేతాలు, డీకోడింగ్, ఎఫ్.ఎం.ఆర్.ఐ., ఈఈజీ, ఓపెన్ సోర్స్, సాంఖ్యక దోషాలు, న్యాయవిచారణ.

1. ఉపోద్ఘాతం:

శాసన పరిశోధనలో ఒక మర్యాద ఉంది. శాసనపాఠాన్ని ప్రకటించే పండితుడు రాతి మీద నుంచి తీసిన అచ్చుప్రతిని కూడా వీలైనంతవరకు పాఠం పక్కనే ప్రకటిస్తాడు. 'ఎపిగ్రాఫియా ఇండికా' సంపుటాల్లో పాఠాలతో పాటు ఫలకాలు కనిపించడానికి కారణం ఇదే. అరిగిపోయిన ఒక అక్షరాన్ని ఒకరు 'ప' అని చదివితే మరొకరు 'వ' అని చదవవచ్చు. ఎవరి పఠనం నిలుస్తుందో తేల్చుకోవాలంటే మూలం అందుబాటులో ఉండాలి, చదివిన పద్ధతి తెలియాలి. మెదడు సంకేతాలను చదివే శాస్త్రంలో ఈ మర్యాద నెలకొనడానికి దశాబ్దాలు పట్టింది.

1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ మనిషి తలపై నుంచి విద్యుత్ తరంగాలను నమోదు చేశారు. ఆ ఫలితాలను 1929లో ప్రకటించారు. నేడు ఈఈజీగా పిలుస్తున్న ఆ నమోదు అప్పట్లో కాగితం మీది గీత. దాన్ని చదివేది వైద్యుని కన్ను. సందేహం కలిగితే అదే కాగితాన్ని మరో వైద్యునికి చూపించవచ్చు. 1990లో సెయిజి ఒగావా బృందం రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని బట్టి అయస్కాంత సంకేతం మారుతుందని నిరూపించింది. 1992 నాటికి ఆ సూత్రం ఆధారంగా మనుషుల మెదడుపై చేసిన ఎఫ్.ఎం.ఆర్.ఐ. ప్రయోగాలు వెలువడ్డాయి. ఇక్కడ కంటితో చదవదగిన గీత ఏదీ లేదు. స్కానర్ మెదడును చిన్న చిన్న ఘనాలుగా విభజించి, ఒక్కొక్క ఘనానికి ఒక్కొక్క సంఖ్యను ఇస్తుంది. ఆ ఘనాన్ని వోక్సెల్ అంటారు. దాని భుజం సాధారణంగా మూడు మిల్లీమీటర్లు. మెదడులో యాభైవేల వోక్సెళ్ళు ఉన్నాయని, రెండు సెకన్లకొకసారి కొలత తీసుకుంటున్నామని అనుకుంటే, గంటలో పోగయ్యే సంఖ్యలు తొమ్మిది కోట్లు. పైగా నాడీకణాలు స్పందించిన క్షణానికీ, రక్తప్రవాహంలో ఆ స్పందన పతాకస్థాయికి చేరే క్షణానికీ నడుమ ఐదారు సెకన్ల వ్యవధి ఉంటుంది. తల కదిలితే సంఖ్యలు మారతాయి, ఊపిరి పీల్చినా మారతాయి.

పత్రికల్లో ఎరుపు, పసుపు మచ్చలతో కనిపించే మెదడు బొమ్మ ఈ సంఖ్యలన్నిటినీ జల్లెడ పట్టిన తరవాత సాఫ్ట్‌వేర్ గీసినది. దానిని ఛాయాచిత్రంగా భావించడం నేటికీ విద్యావంతులలో సైతం ఉన్న పొరపాటు. అది పాఠపరిష్కర్త స్థిరపరచిన పాఠం వంటిది. ఆ పరిష్కర్త ఎవరు, ఏ సూత్రాలతో పరిష్కరించాడు అన్న ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2. తొలి ఉపకరణాలు:

ఈ సంఖ్యారాశిని చదివే సాధనాల్లో అత్యంత ప్రభావం చూపినది లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో పుట్టింది. అక్కడి వైద్య పరిశోధన మండలి సైక్లోట్రాన్ విభాగంలో పనిచేస్తున్న కార్ల్ ఫ్రిస్టన్ 'స్టాటిస్టికల్ పారామెట్రిక్ మ్యాపింగ్' అనే ప్రోగ్రామును రాసి 1991లో ఇతర పరిశోధకులకు అందజేశారు. దాని క్లుప్తనామం ఎస్.పి.ఎం. అప్పటికి మనుషులపై ఎఫ్.ఎం.ఆర్.ఐ. ప్రయోగాలు ఇంకా వెలువడలేదు. పెట్ స్కాన్ల కోసం రాసిన పద్ధతే తరవాత కొత్త యంత్రానికి విస్తరించింది. యాదృచ్ఛికమే గాని, లైనక్స్, పైథాన్ కూడా 1991లోనే లోకానికి పరిచయమయ్యాయి.

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉన్న విస్కాన్సిన్ వైద్య కళాశాలలో గణితశాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్స్ 1994లో 'ఆఫ్నీ' అనే సాఫ్ట్‌వేర్‌ను రాయడం మొదలుపెట్టారు. ఇది సి భాషలో రాసినది. కాక్స్ అనంతరకాలంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు మారినప్పుడు ఆఫ్నీ కూడా ఆయనతో పాటు వెళ్ళింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల 'ఎఫ్.ఎస్.ఎల్.' 2000లో విడుదలైంది. రెండు దశాబ్దాల పాటు ఎఫ్.ఎం.ఆర్.ఐ. పరిశోధనలో సింహభాగం ఈ మూడింటి మీదనే నడిచింది.

ఇక్కడ ఒక పరిభాషా విషయం చెప్పుకోవాలి. తెలుగులో 'ఉచిత సాఫ్ట్‌వేర్' అనే మాట రెండు మూడు వేరువేరు భావాలను ఒకే సంచిలో వేస్తోంది. వెల లేకుండా దొరకడం ఒకటి. కోడ్‌ను చదవగలగడం మరొకటి. దాన్ని మార్చి, తిరిగి పంచుకునే హక్కు ఉండడం ఇంకొకటి. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం పట్టుబట్టింది మూడవదాని కోసమే. ఎఫ్.ఎస్.ఎల్. కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, కాని వాణిజ్య వినియోగంపై ఆంక్ష ఉంది కనుక ఖచ్చితమైన అర్థంలో అది ఓపెన్ సోర్స్ కాదు. ఎస్.పి.ఎం. గ్నూ లైసెన్సు కింద ఉన్నదే. అయితే అది నడవడానికి కావలసిన మ్యాట్‌ల్యాబ్ కొనుక్కోవలసిన వాణిజ్య సాఫ్ట్‌వేర్. ఇంటి తలుపులు బార్లా తెరిచినా, ఇల్లు నిలిచిన స్థలం మాత్రం మరొకరి సొంతం అన్నమాట.

ఈఈజీ రంగంలోనూ ఇదే స్థితి. ఆర్నో దెలోర్మ్, స్కాట్ మకైగ్ 2004లో ప్రకటించిన 'ఈఈజీల్యాబ్' మ్యాట్‌ల్యాబ్ మీద నడిచేదే. కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో రూపుదిద్దుకున్న ఈ ఉపకరణం ఒక పాత చిక్కును తీర్చింది. కన్ను ఆర్పినప్పుడు పుట్టే విద్యుత్ సంకేతం మెదడు సంకేతాన్ని మింగేసేంత పెద్దది. పెళ్ళిపందిరిలో సన్నాయి, డోలు, చుట్టాల మాటలు ఒకేసారి వినిపిస్తుంటాయి. పందిరి నాలుగు మూలలా మైకులు పెట్టి రికార్డు చేస్తే, ప్రతి మైకులోనూ అన్నీ కలిసే ఉంటాయి, కాని వేరువేరు పాళ్ళలో ఉంటాయి. ఆ పాళ్ళ తేడాను బట్టి సన్నాయిని, డోలును విడదీసే గణితపద్ధతిని 1995లో ఆంథొనీ బెల్, టెరెన్స్ సెయ్‌నోవ్‌స్కీ ప్రతిపాదించారు. మకైగ్ బృందం మరుసటి ఏడాదే దానిని ఈఈజీకి అన్వయించింది. ఈఈజీల్యాబ్ ఆ పద్ధతిని ప్రోగ్రామింగు రాని మనస్తత్వశాస్త్ర విద్యార్థి చేతికి సైతం అందించింది. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో రాబర్ట్ ఓస్టెన్‌వెల్డ్ నాయకత్వాన వచ్చిన 'ఫీల్డ్‌ట్రిప్' కూడా ఈ కోవలోనిదే.

3. 'ఎక్కడ?' అన్న ప్రశ్న నుంచి 'ఏమిటి?' అన్న ప్రశ్నకు:

ఇంతవరకు చెప్పిన ఉపకరణాలు ప్రధానంగా జవాబిచ్చిన ప్రశ్న 'ఎక్కడ?' అన్నది. ముఖాన్ని చూసినప్పుడు మెదడులో ఏ భాగం స్పందిస్తుంది? 2001లో జేమ్స్ హాక్స్‌బీ బృందం 'సైన్స్' పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నను తిరగేసింది. ఆరుగురు వ్యక్తులకు ఎనిమిది రకాల బొమ్మలు చూపించారు: ముఖాలు, ఇళ్ళు, పిల్లులు, సీసాలు, కత్తెరలు, చెప్పులు, కుర్చీలు, అర్థంలేకుండా చెదరగొట్టిన చిత్రాలు. ఒక్కొక్క వర్గానికి మెదడు దిగువ భాగంలో ఏర్పడే స్పందనల అమరికను గుర్తించి, దత్తాంశంలో సగాన్ని మిగతా సగంతో పోల్చి చూశారు. అమరికను చూసి, ఆ వ్యక్తి ఏ వర్గపు బొమ్మను చూస్తున్నాడో చెప్పగలిగారు. ముఖాలకు అత్యధికంగా స్పందించే వోక్సెళ్ళను పక్కన పెట్టినా మిగిలిన వాటి అమరికలో ముఖాల జాడ మిగిలే ఉంది. సమాచారం ఒకచోట కుప్పగా కాక, పరచుకొని ఉందన్నమాట.

డీకోడింగ్ అనే మాటకు నేటి అర్థం ఇక్కడి నుంచి స్థిరపడింది. 2005లో యుకియాసు కమితాని, ఫ్రాంక్ టాంగ్ ఒకవైపు, జాన్-డిలాన్ హేన్స్, జెరెంట్ రీస్ మరొకవైపు, మనిషి చూస్తున్న గీతలు ఏ దిశలో వాలి ఉన్నాయో దృశ్యవల్కలం నుంచి చదివి చూపించారు. 2008లో జాక్ గాలంట్ ప్రయోగశాలకు చెందిన కెండ్రిక్ కే బృందం, చూపించిన సహజచిత్రం ఏదో పెద్ద చిత్రసముదాయంలో నుంచి గుర్తించగలిగింది.

హాక్స్‌బీ ప్రయోగానికి మరొక విధమైన జీవితం కూడా ఉంది. ఆ దత్తాంశాన్ని బహిరంగంగా పంచుకోవడంతో, తరవాత వచ్చిన పలు డీకోడింగ్ ఉపకరణాల పాఠాల్లో అది ఉదాహరణగా నిలిచింది. మన పిల్లలు బాలశిక్షతో అక్షరాలు దిద్దినట్టు, రెండు తరాల పరిశోధక విద్యార్థులు ఆ ఆరుగురి మెదళ్ళతో డీకోడింగ్ దిద్దుకున్నారు. ఆ ఆరుగురికి అప్పట్లో ఈ సంగతి ఊహకైనా అంది ఉండదు.

4. పైథాన్ మలుపు:

పఠనం యంత్రాభ్యాసం మీద ఆధారపడిన కొద్దీ మ్యాట్‌ల్యాబ్ పునాది ఇరుకైంది. జర్మనీలోని మగ్దబర్గ్‌కు చెందిన మిషాయెల్ హాంకే, అమెరికాలోని రట్గర్స్‌కు చెందిన యారోస్లావ్ హాల్చెంకో ప్రధాన రచయితలుగా, హాక్స్‌బీ కూడా సహరచయితగా 2009లో 'పై.ఎం.వి.పి.ఏ.' అనే ఉపకరణాన్ని ప్రకటించారు. భాష పైథాన్, లైసెన్సు స్వేచ్ఛాయుతం. కింది నుంచి పైదాకా ఎక్కడా తాళం లేని డీకోడింగ్ సాధనం ఇది. హాంకే, హాల్చెంకో ఇంతటితో ఆగలేదు. మెదడు పరిశోధన సాఫ్ట్‌వేర్లను డెబియన్ వ్యవస్థలో ఒకే ఆదేశంతో స్థాపించుకొనేలా 'న్యూరోడెబియన్' పథకాన్ని నిర్వహించారు. కోడ్‌ను బహిరంగంగా పడేసినంత మాత్రాన చాలదని, దాన్ని నిలబెట్టి, నవీకరించి, పరస్పరం పొసగేలా చూసే సముదాయం కావాలని 2012లో వారు వాదించారు. ఈ వాదానికి తగినంత ఆదరణ దక్కలేదని నా అభిప్రాయం.

అదే కాలంలో పారిస్‌కు దక్షిణాన సక్లే ప్రాంతంలో మరొక పరిణామం సంభవించింది. 2007లో డేవిడ్ కూర్నపో విద్యార్థి పథకంగా మొదలుపెట్టిన ఒక యంత్రాభ్యాస గ్రంథాలయాన్ని ఫ్రాన్స్ జాతీయ సంస్థ ఇన్రియాకు చెందిన పరిశోధకులు చేపట్టారు. ఫాబియన్ పెద్రెగోసా, గయెల్ వరొక్వో, అలెగ్జాండర్ గ్రాంఫోర్, విన్సెంట్ మిషెల్ 2010 ఫిబ్రవరిలో దాని తొలి బహిరంగ విడుదలను వెలువరించారు. అదే 'సైకిట్-లెర్న్'. నేడు బ్యాంకుల్లో, వాతావరణ అంచనాల్లో, మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో నిత్యం వాడుతున్న ఈ సాఫ్ట్‌వేర్‌ను పెంచి పోషించినవారి అసలు వృత్తి మెదడు చిత్రాల విశ్లేషణ అన్న సంగతి దానిని బోధించేవారిలో సైతం చాలామందికి తెలియదు. ఈ బృందం నుంచే మెదడు చిత్రాల కోసం 'నైలెర్న్', మెదడు విద్యుదయస్కాంత సంకేతాల కోసం గ్రాంఫోర్ తదితరులు 2013లో ప్రకటించిన 'ఎం.ఎన్.ఈ.-పైథాన్' రూపొందాయి. రెండవదానికి మూలం అమెరికాలో మట్టి హామలైనెన్ రాసిన పూర్వ సాఫ్ట్‌వేర్.

మెదడు పరిశోధకులకు యంత్రాభ్యాసంలో ప్రత్యేకమైన జాగ్రత్త ఎందుకు అలవడింది? వారి లెక్కలోనే ఇబ్బంది ఉంది. చిత్రాలు కొన్ని వందలు. ప్రతి చిత్రంలో వోక్సెళ్ళు వేలకు వేలు. ఇంత తక్కువ ఉదాహరణలతో ఇన్ని రాశులను చూపిస్తే, ఏ యంత్రమైనా లేని క్రమాన్ని కనిపెట్టేస్తుంది. అందుకే దత్తాంశంలో కొంతభాగంతో నేర్పించి, దాచిపెట్టిన భాగంతో పరీక్షించాలి. దీనినే క్రాస్ వాలిడేషన్ అంటారు. ఎనిమిది వర్గాల్లో గుడ్డిగా చెప్పినా 12.5 శాతం సార్లు సరైన జవాబు వస్తుంది. అంతకు మించినదే పఠనం.

వినడానికి సులువైన ఈ నియమాన్ని తెలియకుండానే ఉల్లంఘించడం మరీ సులువు. పరిశోధకుడు ముందుగా మొత్తం దత్తాంశాన్ని చూసి 'పనికివచ్చే' వోక్సెళ్ళను ఎంచుకొని, ఆ తరవాత నేర్పే భాగం, పరీక్షించే భాగం విడదీశాడనుకుందాం. ప్రశ్నపత్రాన్ని చూసి చదివిన విద్యార్థికి వచ్చే మార్కులే అతనికీ వస్తాయి. శుద్ధమైన యాదృచ్ఛిక సంఖ్యల నుంచి కూడా ఈ పద్ధతిలో గొప్ప ఫలితం రాబట్టవచ్చు. 2009లో నికోలస్ క్రీగెస్కోర్ట్ బృందం, అంతకుముందు ఏడాది ఐదు అగ్రశ్రేణి పత్రికల్లో వచ్చిన 134 ఎఫ్.ఎం.ఆర్.ఐ. పత్రాలను పరిశీలించి, వాటిలో 42 శాతం పత్రాల్లో ఇటువంటి వర్తుల విశ్లేషణ కనీసం ఒకటైనా ఉందని తేల్చింది.

ఈ దోషానికి నీతిబోధ మందు కాదు. సైకిట్-లెర్న్‌లో 'పైప్‌లైన్' అనే ఒక నిర్మాణం ఉంది. వోక్సెళ్ళ ఎంపిక, అభ్యాసం రెండింటినీ ఒకే గొలుసుగా కట్టి, ఆ గొలుసు మొత్తాన్ని క్రాస్ వాలిడేషన్ లోపలికి పంపుతుంది. ఎంపిక కూడా నేర్పే భాగం నుంచే జరుగుతుంది. ఆ నిర్మాణాన్ని వాడిన పరిశోధకుని చేత ఈ పొరపాటు జరగడం కష్టం. ఒక శాస్త్ర సముదాయం ఎదురుదెబ్బలు తిని నేర్చుకున్న నియమం ఈ విధంగా కోడ్‌గా మారి, మెదడుతో సంబంధంలేని రంగాలకు సైతం చేరింది. ఓపెన్ సోర్స్ ప్రయోజనాల్లో వెల లేకపోవడం కంటె దీనినే నేను మిన్నగా భావిస్తాను.

5. పదిహేనేళ్ళ దోషం:

యాభైవేల వోక్సెళ్ళలో ఒక్కొక్కదానిని ఐదు శాతం దోషావకాశంతో పరీక్షిస్తే, ఏమీ జరగని మెదడులో కూడా 2,500 వోక్సెళ్ళు 'స్పందించినట్టు' కనిపిస్తాయి. దీన్ని నాటకీయంగా నిరూపించినది క్రెయిగ్ బెన్నెట్ బృందం. చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, దిద్దుబాటు లేని లెక్కలతో దాని మెదడులో 'స్పందన'ను కనుగొని 2009లో ప్రదర్శించారు. 2012లో దానికి ఇగ్ నోబెల్ దక్కింది. నవ్వు తెప్పించిన ఆ చేప వెనుక ఉన్న సమస్యకు పరిశోధకులు వాడుతున్న పరిష్కారం ఒకటి ఉంది. విడి వోక్సెళ్ళను కాక, పక్కపక్కన స్పందించిన వోక్సెళ్ళ గుంపులను లెక్కలోకి తీసుకోవడం. కేవలం యాదృచ్ఛికంగా ఎంత పెద్ద గుంపు ఏర్పడగలదో సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. దాని కంటె పెద్ద గుంపు మాత్రమే నిలుస్తుంది.

ఆ అంచనా సరైనదేనా? స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌కు చెందిన ఆండర్స్ ఎక్లుండ్, హాన్స్ క్నూట్‌సన్, ఇంగ్లండుకు చెందిన థామస్ నికల్స్ దీనిని తెలివిగా పరీక్షించారు. ఏ పనీ చేయకుండా స్కానర్‌లో ఊరకే పడుకున్న 499 మంది ఆరోగ్యవంతుల దత్తాంశం అప్పటికే బహిరంగంగా ఉంది. వారు ఏదో పని చేసినట్టు నటిస్తూ, వారిని యాదృచ్ఛిక బృందాలుగా విడదీసి, ఎస్.పి.ఎం., ఎఫ్.ఎస్.ఎల్., ఆఫ్నీ మూడింటితోనూ దాదాపు ముప్ఫై లక్షల విశ్లేషణలు నడిపారు. కనిపించిన ప్రతి స్పందనా తప్పుడు స్పందనే కావాలి. అటువంటివి ఐదు శాతానికి మించకూడదు. కొన్ని అమరికల్లో అవి 70 శాతం దాకా వెళ్ళాయి. 2016లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు నాడీశాస్త్రలోకం కలవరపడింది.

ఈ పరీక్షల క్రమంలోనే ఆఫ్నీలోని గుంపుల పరిమాణాన్ని అంచనా వేసే ప్రోగ్రాములో ఒక దోషం బయటపడింది. గాలించిన ప్రదేశాన్ని అసలు కంటె చిన్నదిగా లెక్కించడం వల్ల ఫలితాలు ఉన్నదానికంటె గట్టివిగా కనిపించేవి. ఆ దోషం పదిహేనేళ్ళుగా అందులో ఉంది. 2015 మేలో దానిని సరిదిద్దారు. అయితే మొత్తం సమస్యలో ఈ దోషం వాటా చిన్నదే. పెద్ద కారణం మూడు సాఫ్ట్‌వేర్లూ ఉమ్మడిగా నమ్మిన ఒక ఊహ. పక్కపక్క వోక్సెళ్ళ మధ్య పోలిక దూరంతో పాటు ఫలానా రీతిలో తగ్గుతుందని అవి భావించాయి. నిజమైన మెదడు దత్తాంశం ఆ రీతిని పాటించదు. నలభైవేల పత్రాలు చెల్లకుండా పోయాయన్నట్టు పత్రికలు రాశాయి. ఆ సంఖ్యను సూచించిన వాక్యాన్ని రచయితలు అనంతరం సవరించారు. నిజంగా ప్రభావితమైనవి 3,500 వరకు ఉండవచ్చని నికల్స్ అంచనా వేశారు. సంచలనం చేసినంత చప్పుడు సవరణ చేయలేదు.

చరిత్రకారునికి ఇక్కడ రెండు అంశాలు ముఖ్యం. మొదటిది: ఆఫ్నీ కోడ్ ఆ పదిహేనేళ్ళూ తెరిచే ఉంది. వేలమంది వాడారు. చదివినవారు లేరు. తాళపత్రాన్ని గ్రంథాలయంలో భద్రపరచినంత మాత్రాన పాఠపరిష్కారం జరగనట్టే, కోడ్‌ను బహిరంగపరచినంత మాత్రాన అది పరీక్షకు నిలిచినట్టు కాదు. రెండవది: పరీక్షించడానికి ఎవరో ఒకరు పూనుకున్నప్పుడు, ఏ వరుసలో తప్పు ఉందో చూపగలిగారు, దిద్దగలిగారు. కాక్స్ బృందం 2017లో తమ వివరణను, సవరించిన పద్ధతులను అందరిముందే ప్రకటించింది. మూసివున్న సాఫ్ట్‌వేర్‌లో ఇదే దోషం ఉంటే, ఫలితం తేడాగా ఉందని మాత్రమే అనగలం.

తెరిచిన సాధనాలు పెరిగిన కొద్దీ మరో చిక్కు తలెత్తింది. 2020లో 'నేచర్' పత్రికలో వెలువడిన ఒక సామూహిక అధ్యయనంలో, 108 మంది వ్యక్తుల దత్తాంశాన్ని 70 బృందాలకు ఇచ్చి, తొమ్మిది ప్రతిపాదనలను పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే విశ్లేషణక్రమాన్ని ఎంచుకోలేదు. కొన్ని ప్రతిపాదనల విషయంలో తీర్పులు గణనీయంగా విడిపోయాయి. పాఠాంతరాలు లేని కావ్యం లేనట్టే, విశ్లేషణాంతరాలు లేని మెదడు చిత్రం కూడా లేదు. వాటిని దాచకుండా అధస్సూచికలో చూపే అలవాటు మాత్రం ఈ రంగంలో ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

6. ఒకే తరంగం, రెండు దారులు:

పైన చెప్పిన తప్పుల వల్ల నష్టపోయేది ఎక్కువగా పరిశోధకుల పేరుప్రతిష్ఠలు. మెదడు పఠనం ప్రయోగశాల గడప దాటినప్పుడు నష్టం మరొకరిది. అరుదుగా వచ్చే, తనకు అర్థవంతమైన సంకేతం ఎదురైనప్పుడు మనిషి ఈఈజీలో సుమారు 300 మిల్లీసెకన్ల వద్ద ఒక ధనతరంగం లేస్తుంది. 1965లో శామ్యూల్ సటన్ బృందం గుర్తించిన ఈ తరంగమే పి-300. 1988లో లారెన్స్ ఫార్వెల్, ఇమాన్యుయెల్ డోంచిన్ దీని ఆధారంగా ఒక రాతయంత్రాన్ని రూపొందించారు. ఆరు వరుసలు, ఆరు నిలువుల గడిలో 36 గుర్తులు ఉంటాయి. వరుసలు, నిలువులు ఒకటొకటిగా మెరుస్తాయి. తాను రాయదలచిన అక్షరం మెరిసినప్పుడు పి-300 లేస్తుంది. కండరాలేవీ కదపలేని రోగి ఈ విధంగా ఒక్కొక్క అక్షరమే రాయగలడు.

ఈ దారిలో వచ్చిన సాధనాలు క్రమంగా తెరుచుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో గెర్విన్ షాక్ తదితరులు 2004లో ప్రకటించిన 'బి.సి.ఐ. 2000' పరిశోధకులకు వెల లేకుండా అందింది. సంకేతగ్రహణం, విశ్లేషణ, అనువర్తనం, నిర్వహణ అనే నాలుగు విడిభాగాలుగా దానిని నిర్మించడం వల్ల ఒక ప్రయోగశాల విశ్లేషణను మరొక ప్రయోగశాల యంత్రానికి తగిలించడం సాధ్యమైంది. ఫ్రాన్స్‌లో ఇన్రియా పరిశోధకుల 'ఓపెన్‌వైబ్' తెరమీద పెట్టెలను గీతలతో కలుపుతూ ప్రోగ్రామింగు లేకుండానే పి-300 రాతయంత్రాన్ని నడిపే వీలు కల్పించింది.

రెండవ దారి పోలీసు ఠాణా వైపు వెళ్ళింది. నేరస్థలానికి సంబంధించిన వస్తువును చూపినప్పుడు పి-300 లేస్తే, ఆ వ్యక్తికి ఆ వస్తువు తెలిసినట్టే అన్నది దీని వెనుక ఊహ. 1991లో ఫార్వెల్, డోంచిన్ దీనిపై పత్రం ప్రకటించారు. తరవాత ఫార్వెల్ దానిని పేటెంట్ల రక్షణలో 'బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్'గా వాణిజ్యపరం చేశారు. రాతయంత్రాన్ని రూపొందించినవారిలో ఒకరే ఈ దారి కూడా తొక్కడం గమనార్హం.

భారతదేశంలో దీనికి సన్నిహితమైన పద్ధతి బెంగుళూరులో రూపొందింది. నిమ్హాన్స్‌లో ఆచార్యులుగా పనిచేసిన సి.ఆర్. ముకుందన్ అభివృద్ధి చేసిన ఈ పరీక్ష ఈఈజీ తరంగాలను బట్టి, వ్యక్తికి ఒక సంఘటన అనుభవపూర్వకంగా తెలుసో లేదో సాఫ్ట్‌వేర్ ద్వారా తేలుస్తుందని చెప్పేవారు. 2008 జూన్‌లో పూణే సెషన్స్ కోర్టు ఒక హత్యకేసులో ఇతర ఆధారాలతో పాటు ఈ పరీక్ష ఫలితాన్ని కూడా స్వీకరించి శిక్ష విధించింది. స్వతంత్ర ప్రయోగశాలలు ఆ పద్ధతిని పునఃపరీక్షించి ప్రకటించలేదన్నది అంతర్జాతీయ నాడీశాస్త్రవేత్తలు లేవనెత్తిన ముఖ్య ఆక్షేపణ. అదే ఏడాది నిమ్హాన్స్ సంచాలకుని అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం కూడా ఇటువంటి మెదడు పరీక్షలను సాక్ష్యంగా వాడడాన్ని సమర్థించలేదు.

2010 మే 5న సెల్వి – కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు నార్కో పరీక్ష, పాలీగ్రాఫ్, మెదడు విద్యుత్ పరీక్ష ఈ మూడింటినీ వ్యక్తి అంగీకారం లేకుండా నిర్వహించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిన అగత్యం నుంచి రక్షించే 20(3) అధికరణం, 21వ అధికరణం దానికి ఆధారాలు. తీర్పు కేంద్రం అంగీకారమే. అంగీకారంతో జరిగే పరీక్షలకు తలుపు మూసుకోలేదు. అటువంటి పరీక్షలో మెదడును చదివిన ప్రోగ్రామును ఎవరు పరిశీలించాలన్న ప్రశ్న అందువల్ల సజీవంగానే ఉంది. సాక్షి అబద్ధమాడితే ఎదురుప్రశ్నలతో బయటపెట్టవచ్చు. ఏ తరంగాన్ని ఎంత ఎత్తు దాటితే 'తెలుసు' అని పిలుస్తున్నదో చెప్పని ప్రోగ్రామును ఏ న్యాయవాది ప్రశ్నించగలడు? ఆఫ్నీ దోషం పరిశోధన పత్రాలను తప్పుదారి పట్టించింది. అదే పాటి దోషం ఇక్కడ మనిషిని జైలుకు పంపగలదు. కోడ్‌ను, దత్తాంశాన్ని ప్రతివాది తరఫు నిపుణునికి అందించని మెదడు పరీక్షకు న్యాయస్థానంలో చోటు ఉండకూడదన్నది ఈ చరిత్రను బట్టి నేను చేస్తున్న ప్రతిపాదన.

7. కథలు విన్న మెదళ్ళు:

కోడ్ కంటె దత్తాంశాన్ని తెరవడం ఆలస్యమైంది. 2000లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో ఎఫ్.ఎం.ఆర్.ఐ. దత్తాంశ కేంద్రం మొదలై, ఒక పత్రిక తన రచయితలు దత్తాంశాన్ని అక్కడ జమచేయాలని నియమం పెట్టగానే పరిశోధకుల నుంచి గట్టి ప్రతిఘటన వచ్చింది. ఏళ్ళు కష్టపడి సేకరించినదాన్ని అప్పనంగా ఎందుకివ్వాలన్నది వారి బాధ. పదేళ్ళ తరవాత రసెల్ పోల్డ్రాక్ మొదలుపెట్టిన ఓపెన్ ఎఫ్.ఎం.ఆర్.ఐ., దాని కొనసాగింపు ఓపెన్‌న్యూరో ఈ వాతావరణాన్ని మార్చాయి. 2016లో వచ్చిన 'బిడ్స్' ప్రమాణం ఫైళ్ళకు, సంచికలకు పేర్లు పెట్టే పద్ధతిని ఏకీకరించింది. చూడడానికి గుమాస్తా పనిలా కనిపించే ఈ నామకరణమే ఒకరి దత్తాంశాన్ని మరొకరి కోడ్ చదవగలిగేలా చేసింది.

దాని ఫలం హైదరాబాదుకూ చేరింది. అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో బాపిరాజు సురంపూడి, ఆయన విద్యార్థి బృందం భాషా నమూనాలను మెదడు స్పందనలతో పోల్చే పరిశోధనలు ప్రకటించారు. వారు ఆధారపడిన వాటిలో పెరీరా బృందం 2018లో విడుదల చేసిన దత్తాంశం, ఓపెన్‌న్యూరోలోని 'నెరేటివ్స్' సంకలనం ఉన్నాయి. సొంత స్కానర్ దగ్గర రోజులతరబడి నమోదు చేయకుండానే ప్రపంచస్థాయి ప్రశ్నను చేపట్టగలగడం తెరిచిన దత్తాంశం వల్లనే సాధ్యమైంది. ఆ రెండు దత్తాంశాలూ ఆంగ్ల వాక్యాలకు, ఆంగ్ల కథలకు సంబంధించినవి. హైదరాబాదులో కూర్చొని చదివినా, చదివినది ఆంగ్లం విన్న మెదడునే.

2023లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెర్రీ టాంగ్, అలెగ్జాండర్ హుత్ బృందం, స్కానర్‌లో పడుకొని ఒక్కొక్కరు 16 గంటల పాటు కథలు విన్న వ్యక్తుల మెదడు స్పందనల నుంచి, తరవాత వారు విన్న కొత్త కథల సారాంశాన్ని వాక్యాలుగా రాబట్టింది. మాటకు మాట రాలేదు, భావం వచ్చింది. భాషా నమూనా వాక్యాలను ఊహించి ఇస్తే, మెదడు స్పందనకు ఏది దగ్గరగా ఉందో డీకోడరు ఎంచింది. ఇటువంటి కోడ్‌ను బహిరంగపరచడం ప్రమాదం కాదా అన్న ప్రశ్న సహజం. రచయితలు కోడ్‌ను, దత్తాంశాన్ని రెండింటినీ విడుదల చేశారు. అంతకంటె ముఖ్యంగా, తమ సాధనాన్ని ఓడించే ప్రయత్నాలను కూడా తామే చేసి ప్రకటించారు. ఒకరి మెదడుతో నేర్పిన డీకోడరుతో మరొకరి మెదడును చదవబోతే పఠనం దాదాపు విఫలమైంది. కథ వింటూనే మనసులో జంతువుల పేర్లు తలచుకున్నప్పుడు కూడా ఆ వ్యక్తి వింటున్న కథ డీకోడరుకు సరిగా చిక్కలేదు.